చక్రం ఊడినా దిగొచ్చు: శిక్షణ విమానాల్లో ల్యాండింగ్ గేర్ విఫలమైతే ఏం జరుగుతుంది?

2018 సెప్టెంబర్‌లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, బెవర్లీ విమానాశ్రయం నుంచి ఓ 17 ఏళ్ల విద్యార్థిని పైపర్ వారియర్ అనే చిన్న శిక్షణ విమానంలో ఒంటరిగా పైకి లేచింది. కాసేపటికే రేడియోలో కబురు వచ్చింది. కుడివైపు చక్రం ఊడి పడిపోయింది. పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేరు. ఆయన కింద నుంచే రేడియోలో మాట్లాడుతూ ధైర్యం చెప్పారు. ఫైరింజన్లు సిద్ధమయ్యాయి. ఆమె నిదానంగా చుట్టు తిరిగి వచ్చి విమానాన్ని దించింది. విమానం పక్కకు జారి ఆగింది. ఆమెకు గాయాలేమీ కాలేదు.

రెండేళ్లు తిరగకముందే కరాచీలో ఇందుకు పూర్తి భిన్నమైన ఘటన జరిగింది. 2020 మే 22న లాహోర్ నుంచి వచ్చిన పాకిస్తాన్ ఇంటర్నేషనల్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఏ320 విమానం చక్రాలు దించకుండానే రన్‌వేను తాకింది. గేర్‌లో లోపమేమీ లేదు. విమానం దిగివస్తుండగా గేర్ ఒకసారి కిందికి వచ్చింది, తర్వాత మళ్లీ పైకి వెళ్లిపోయింది. పైలట్లు ఆ సంగతి పట్టించుకోలేదు. ఇంజన్లు రన్‌వేను రాసుకున్నాక విమానాన్ని మళ్లీ గాల్లోకి లేపారు. దెబ్బతిన్న రెండు ఇంజన్లూ ఆగిపోయి, విమానం ఇళ్ల మీద కూలింది. అందులో ఉన్న 99 మందిలో 97 మంది చనిపోయారు. కింద ఉన్నవారిలోనూ ఒకరు ప్రాణాలు కోల్పోయారు.

ఒక విమానానికి చక్రమే లేదు, అయినా మనిషి దక్కింది. మరో విమానానికి చక్రాలన్నీ ఉన్నాయి, అవి పనిచేస్తున్నాయి కూడా. ల్యాండింగ్ గేర్ వైఫల్యాల గురించి తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఈ తేడాలోనే ఉంది. విమానానికి వచ్చే అత్యవసర పరిస్థితుల్లో ఇది కాస్త దయగలది. ఇంజన్ ఆగిపోతే నిమిషాల్లో దిగాలి. మంటలు అంటుకుంటే ఆ కాస్త సమయం కూడా ఉండదు. గేర్ మొరాయిస్తే మాత్రం ట్యాంకులో ఇంధనం ఉన్నంతసేపు ఆలోచించుకోవచ్చు. ఆ సమయాన్ని ఎలా వాడుకుంటారు, అసలు సమస్య అంతదాకా రాకుండా నేలమీద ఏం చేస్తారు అన్నదే శిక్షణలో తేలాల్సిన విషయం.

గేర్‌లో రెండు రకాలు

విమానం నేలమీద నిలబడే కాళ్లు, చక్రాలు, బ్రేకులు, షాక్ అబ్జార్బర్లు అన్నీ కలిపి ల్యాండింగ్ గేర్. శిక్షణ విమానాల్లో ఎక్కువభాగానికి మూడు కాళ్లుంటాయి. రెక్కల కిందో, వాటికి దగ్గరగానో రెండు ప్రధాన చక్రాలు, ముక్కు కింద ఒక చిన్న చక్రం.

విద్యార్థి మొదట ఎక్కే విమానాల్లో ఈ కాళ్లు కదలవు, ఎప్పుడూ బయటికే ఉంటాయి. సెస్నా 152, సెస్నా 172, పైపర్ వారియర్, ఆర్చర్, డైమండ్ డీఏ40 ఈ కోవలోవే. వీటిని ఫిక్స్‌డ్ గేర్ అంటారు. గాలికి అడ్డుపడి వేగం కొంత తగ్గిస్తాయి. అయితే దించడం మర్చిపోయే ప్రమాదం లేదు, చెడిపోయే భాగాలూ తక్కువ.

తర్వాతి దశలో, ముఖ్యంగా రెండు ఇంజన్ల విమానం నేర్చుకునేటప్పుడు, విద్యార్థి ముడుచుకునే గేర్ ఉన్న విమానం ఎక్కుతాడు. డైమండ్ డీఏ42, పైపర్ సెనెకా, టెక్నామ్ పీ2006టీ ఇలాంటివి. రాయ్‌బరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో డీఏ40 మీద మొదలుపెట్టి డీఏ42కు వెళ్లడం మామూలు. ఎయిర్ ఇండియా తన కొత్త అకాడమీకి ఆర్డర్ ఇచ్చిన 34 విమానాల్లోనూ ఇదే లెక్క కనిపిస్తుంది. 31 ఒకే ఇంజన్ ఉన్న పైపర్లు, 3 రెండు ఇంజన్ల డైమండ్లు. ఆ అకాడమీ వస్తున్నది మహారాష్ట్రలోని అమరావతిలో, మన రాజధానిలో కాదు.

భారత్‌లో కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు 200 గంటల ఫ్లయింగ్ కావాలి. అందులో ముడుచుకునే గేర్ మీద గడిపేది కొద్ది గంటలే. అంటే విద్యార్థి చేతులకు, కళ్లకు అలవాటయ్యేది కదలని గేరు. అలవాటు లేనిది చివర్లో వస్తుంది. ఈ రెండు గేర్లు విఫలమయ్యే తీరు కూడా వేరు.

కదలని గేర్‌ను విరగ్గొట్టేది దిగే తీరు

ఫిక్స్‌డ్ గేర్ విమానంలో సమస్య చాలాసార్లు రన్‌వే మీదే పుడుతుంది. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువ వేగంతో వస్తారు, విమానం నేలకు దగ్గరై కూడా తేలుతూ ఉంటుంది. ఎలాగైనా దించాలన్న తొందరలో ముక్కును కిందికి నొక్కుతారు. అప్పుడు ప్రధాన చక్రాలకన్నా ముందు ముక్కు చక్రం నేలను తాకుతుంది. విమానం బంతిలా పైకి ఎగురుతుంది. దాన్ని సరిచేయాలని మళ్లీ ముక్కు నొక్కితే రెండో దెబ్బ మొదటిదానికంటే గట్టిగా తగులుతుంది. విమానం గుర్రంలా ఎగిరెగిరి పడుతుంది. రెండో గెంతుకో మూడో గెంతుకో ముక్కు కాలు విరగడం, ప్రొపెల్లర్ నేలను కొట్టడం జరుగుతుంది.

ప్రధాన కాళ్లతో పోలిస్తే ముక్కు కాలు సున్నితం. సెస్నా 172లో ప్రధాన కాళ్లు స్ప్రింగ్ స్టీలుతో చేసినవి. వంగి, మళ్లీ యథాస్థితికి వస్తాయి. ముక్కు కాలిలో నూనె, వాయువు నింపిన షాక్ అబ్జార్బర్ ఉంటుంది. అది ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్యనున్న ఫైర్‌వాల్ అనే లోహపు గోడకు బిగించి ఉంటుంది. అందుకే ముక్కు మీద గట్టి దెబ్బ తగిలితే నష్టం చక్రంతో ఆగదు. ఫైర్‌వాల్ ముడత పడవచ్చు. బయటికి విమానం బాగానే కనిపిస్తుంది, లోపలి లోహం మాత్రం బలహీనపడి ఉంటుంది.

ప్రొపెల్లర్ నేలను తాకితే లెక్క ఇంకా పెరుగుతుంది. తిరుగుతున్న రెక్క హఠాత్తుగా ఆగితే ఆ దెబ్బ ఇంజన్ లోపలి షాఫ్ట్ వరకు వెళుతుంది. అందుకే ఇంజన్ విప్పి పరీక్షించాలని తయారీదారులు చెబుతారు. ఖర్చు లక్షల్లో ఉంటుంది, విమానం వారాలు, నెలలు మూలనపడుతుంది.

ఇందుకు మందు ఒక్కటే, అదీ ఖర్చులేనిది. మొదటి గెంతు దగ్గరే థ్రాటిల్ పూర్తిగా తెరిచి మళ్లీ పైకి వెళ్లిపోవడం. దీన్నే గో-అరౌండ్ అంటారు. చక్రాలు తాకి ఎగిరిన దశలో, ప్రొపెల్లర్‌కు ఏ దెబ్బా తగలనప్పుడు, ఇది సురక్షితమైన దారి. ప్రొపెల్లర్ నేలను తాకిన తర్వాత పైకి లేవడం దానికి పూర్తి వ్యతిరేకం. అప్పుడు ఇంజన్ ఎంతసేపు పనిచేస్తుందో ఎవరూ చెప్పలేరు. కరాచీలో జరిగింది అదే. నేలను రాసుకున్న యంత్రాన్ని నమ్ముకుని మళ్లీ గాల్లోకి వెళ్లారు.

మూడు ఆకుపచ్చ దీపాల కథ

ముడుచుకునే గేర్ ఉన్న విమానంలో చక్రాలు కనిపించవు. పైలట్ నమ్ముకునేది మూడు చిన్న దీపాలను. ఒక్కో కాలు కిందికి దిగి గట్టిగా లాక్ అయితే ఒక్కో ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. మూడూ వెలిగితే గేర్ సిద్ధం. రెండే వెలిగితే అసలు ప్రశ్న మొదలవుతుంది. కాలు దిగలేదా, దిగినా లాక్ కాలేదా, లాక్ అయినా దాన్ని చెప్పే స్విచ్ చెడిందా, లేక దీపమే మాడిపోయిందా?

అందుకే చాలా విమానాల చెక్‌లిస్టుల్లో మొదటి పని దీపాన్ని పరీక్షించడం. వెలుగుతున్న బల్బును తీసి, వెలగని చోట పెట్టి చూసే వీలు పాత మోడళ్లలో ఉంటుంది. కొన్ని పైపర్ విమానాల్లో ఇంకో చిక్కుంది. రాత్రిపూట కళ్లు చెదరకుండా, నావిగేషన్ లైట్ల స్విచ్ వేస్తే గేర్ దీపాలు వాటంతటవే మసకబారతాయి. పట్టపగలు ఆ స్విచ్ పొరపాటున వేసి ఉంచితే మూడు దీపాలూ ఆరిపోయినట్టే అనిపిస్తుంది. గేర్ నిక్షేపంగా ఉంటుంది, పైలట్‌కు మాత్రం గుండె ఆగినంత పనవుతుంది.

తర్వాత చూడాల్సింది కరెంటు. చిన్న విమానాల్లో గేర్‌ను నడిపేది సాధారణంగా ఎలక్ట్రిక్ మోటార్‌తో పనిచేసే హైడ్రాలిక్ పంపు. దాని సర్క్యూట్ బ్రేకర్ బయటికి వచ్చి ఉంటే పంపు తిరగదు. ఇదేదో చిన్న విమానాలకు పరిమితమైన విషయం కాదు. 2011 నవంబర్ 1న పోలండ్‌కు చెందిన లాట్ సంస్థ బోయింగ్ 767 వార్సాలో పొట్టమీద దిగింది. హైడ్రాలిక్ ద్రవం కారిపోవడంతో పైలట్లు ప్రత్యామ్నాయ పద్ధతిలో గేర్ దించబోయారు. ఒక బ్రేకర్ తెరుచుకుని ఉండటంతో అదీ పనిచేయలేదు. విమానంలోని 231 మందీ క్షేమంగా బయటపడ్డారు.

పంపు పనిచేయకపోయినా దారి మూసుకుపోదు. డీఏ42, సెనెకా లాంటి విమానాల్లో గేర్‌ను పైన పట్టి ఉంచేది హైడ్రాలిక్ ఒత్తిడే. అత్యవసర లివర్ లాగితే ఆ ఒత్తిడి పోతుంది, కాళ్లు తమ బరువుకు తామే కిందికి వచ్చి లాక్ అవుతాయి. సెస్నా 172 ఆర్‌జీలో చేతి పంపు ఉంటుంది. పాత బీచ్‌క్రాఫ్ట్ బొనాంజాలో ఒక హ్యాండిల్‌ను దాదాపు 50 సార్లు తిప్పాలి. పద్ధతి మోడల్‌ను బట్టి మారుతుంది. ఏ వేగంలో చేయాలో కూడా మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఎక్కువ వేగంలో గాలి తోపుడుకు కాలు లాక్ దాకా రాకపోవచ్చు. విద్యార్థి ఈ లివర్‌ను మొదటిసారి చూడాల్సింది నిజమైన అత్యవసర పరిస్థితిలో కాదు. అది ఎక్కడుందో, ఎంత బలంగా లాగాలో ముందే చేతికి తెలియాలి.

ఇవన్నీ యంత్రం వైఫల్యాలు. వీటితోపాటు అసలు గేర్ దించడం మర్చిపోవడమనే పాత జబ్బు ఉంది. థ్రాటిల్ బాగా తగ్గించినా గేర్ పైనే ఉంటే మోగే హారన్ చాలా విమానాల్లో ఉంటుంది. శిక్షణలో పదేపదే ఇంజన్ ఆగిపోయినట్టు నటిస్తూ థ్రాటిల్ తగ్గిస్తారు కాబట్టి ఆ హారన్ రోజూ మోగుతూనే ఉంటుంది. రోజూ విన్న శబ్దాన్ని చెవి పట్టించుకోవడం మానేస్తుంది. రేడియోలో ఒక ప్రశ్న, ఎదురుగా మరో విమానం, చుట్టూ తిరగాల్సిన సర్క్యూట్‌లో చిన్న మార్పు. చెక్‌లిస్టు మధ్యలో ఆగిపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

గాల్లో ఉండగా తెలిస్తే

మొదటి నియమం విమానాన్ని నడుపుతూ ఉండటం. వినడానికి మరీ మామూలు మాటలా ఉంటుంది. కానీ 1972 డిసెంబర్ 29 రాత్రి మయామీ దగ్గర ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం ఇది మరిచినందుకే కూలింది. ముక్కు చక్రం దీపం వెలగలేదు. కాక్‌పిట్‌లో ఉన్నవారంతా ఆ దీపం పనిలో పడ్డారు. ఈలోగా ఆటోపైలట్ ఎత్తును పట్టి ఉంచడం మానేసింది, విమానం మెల్లగా దిగుతూ చిత్తడి నేలలో కూలింది. 101 మంది చనిపోయారు. తర్వాత తేలిందేమిటంటే, గేర్ బాగానే ఉంది. మాడిపోయింది బల్బు.

రెండో నియమం సమయాన్ని లెక్కపెట్టుకోవడం. 1978 డిసెంబర్ 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ ఎయిర్‌లైన్స్ డీసీ-8 గేర్ సమస్యతో సుమారు గంటసేపు గాల్లో తిరిగింది. కెప్టెన్ అత్యవసర ల్యాండింగ్‌కు అంతా సిద్ధం చేస్తూ ఇంధనం సంగతి వదిలేశారు. తోటి సిబ్బంది గట్టిగా హెచ్చరించలేకపోయారు. ఇంజన్లు ఒక్కొక్కటీ ఆగిపోయి విమానం ఊరి శివార్లలో కూలింది. 10 మంది చనిపోయారు. కాక్‌పిట్‌లో చిన్నవారు కూడా పెద్దవారిని ప్రశ్నించేలా శిక్షణ ఇవ్వాలన్న పద్ధతి ప్రపంచమంతా బలపడటానికి ఈ ప్రమాదం ఒక ముఖ్య కారణం.

ఇంధనాన్ని లెక్కతో వాడుకుంటే అదే సమయం మేలు చేస్తుంది. 2024 మేలో ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్‌లో బీచ్‌క్రాఫ్ట్ కింగ్ ఎయిర్ విమానం గేర్ దిగక, ఇంధనం తగ్గించుకుంటూ 3 గంటలకు పైగా తిరిగింది. తర్వాత రన్‌వేపై పొట్టమీద దిగింది. అందులోని ముగ్గురూ క్షేమం.

శిక్షణ విమానంలో పాటించే క్రమం స్థూలంగా ఇలా ఉంటుంది:

- సురక్షితమైన ఎత్తుకు వెళ్లి, రద్దీలేని చోట తిరుగుతూ కంట్రోల్ టవర్‌కు విషయం స్పష్టంగా చెప్పాలి. సిగ్గుపడి ఆలస్యం చేయకూడదు.
- విమానం మాన్యువల్‌లోని అత్యవసర చెక్‌లిస్టును వరుసగా, ఒక్కో అంశం చదువుతూ పూర్తిచేయాలి.
- టవర్ పక్కగా తక్కువ ఎత్తులో వెళితే కింద ఉన్నవారు బైనాక్యులర్స్‌తో చూసి చెప్పగలరు. అయితే వారు చెప్పగలిగేది కాలు దిగినట్టు కనిపిస్తోందా లేదా అన్నదే. లాక్ అయిందో లేదో కింద నుంచి తెలియదు.
- పొడవైన రన్‌వే, అగ్నిమాపక సిబ్బంది, దగ్గర్లో ఆస్పత్రి ఉన్న విమానాశ్రయం ఏదో చూసుకోవాలి. సొంత స్కూలు ఎయిర్‌స్ట్రిప్‌కే తిరిగి రావాలన్న పట్టుదల అక్కర్లేదు.
- బెల్టులు బిగించుకోవాలి. దిగే ముందు తలుపు గడియ తీసి ఉంచాలి. నేలను తాకినప్పుడు ఫ్రేము వంగితే తలుపు బిగుసుకుపోవచ్చు.

ముక్కు చక్రం మీద అనుమానం ఉంటే ప్రధాన చక్రాల మీద దిగి, వేగం తగ్గేవరకు ముక్కును పైనే పట్టి ఉంచుతారు. బ్రేకులు వీలైనంత తక్కువ వాడతారు. ఒకవైపు చక్రం లేకపోతే రెండోవైపు చక్రం మీద మొదట దిగి, దెబ్బతిన్న వైపు రెక్కను వీలైనంతసేపు పైకి పట్టి ఉంచుతారు. చివరికి ఆ రెక్క వాలుతుంది, విమానం అటువైపు తిరుగుతుంది. అందుకు చోటు వదిలిపెట్టి దిగాలి.

మూడు చక్రాలూ రాకపోతే పచ్చిక మెత్తగా ఉంటుందని అటు వెళ్లాలనిపిస్తుంది. కానీ గట్టి రన్‌వే మీద విమానం నునుపుగా జారుతుంది. మెత్తటి నేలలో గుచ్చుకుని తలకిందులయ్యే అవకాశం ఉంది. రన్‌వే మీద నురుగు పరచడం సినిమాల్లో ఇంకా కనిపిస్తుంది, వాస్తవంలో ఆ పద్ధతిని చాలావరకు వదిలేశారు.

ఇంజన్‌ను, ప్రొపెల్లర్‌ను కాపాడాలని గాల్లోనే ఇంజన్ ఆపేయాలనే ఆశ కూడా పుడుతుంది. అప్పుడు రన్‌వే అందకపోతే మళ్లీ ప్రయత్నించే దారి ఉండదు. ప్రొపెల్లర్‌కు బీమా ఉంటుంది. పైలట్ పని మనుషులను దించడం.

ఇలా దిగిన చిన్న విమానాల్లోని వారు చాలావరకు నడిచి బయటికి వస్తారు. మన ప్రాంతంలోనూ ఇందుకు ఉదాహరణలున్నాయి. 2025 ఆగస్టులో మహారాష్ట్రలోని బారామతిలో శిక్షణ విమానం ముక్కు చక్రం దెబ్బతింది, పైలట్ క్షేమంగా బయటపడ్డారు. అదే ఏడాది మే 16న కాక్స్ బజార్ నుంచి ఢాకా బయల్దేరిన బిమాన్ బంగ్లాదేశ్ విమానం, సెప్టెంబర్ 12న కాండ్లా నుంచి ముంబయి బయల్దేరిన స్పైస్‌జెట్ విమానం టేకాఫ్ సమయంలో ఒక్కో చక్రాన్ని పోగొట్టుకున్నాయి. రెండూ ఒకే తరహా డాష్ 8-400 విమానాలు. రెండూ క్షేమంగా దిగాయి.

తెలుగువారికి శిక్షణ విమానం అనగానే గుర్తొచ్చేవి వేరే ఘటనలు. 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లా పెద్దవూర మండలంలో సెస్నా 152 కూలి శిక్షణలో ఉన్న యువ పైలట్ చనిపోయారు. 2023 డిసెంబర్ 4న మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర దుండిగల్ వాయుసేన అకాడమీ పిలాటస్ విమానం కూలి ఇద్దరు పైలట్లు ప్రాణాలు కోల్పోయారు. రెండూ రన్‌వేకు దూరంగా, విమానం నేలను ఢీకొన్న ప్రమాదాలు. గేర్ సమస్యను ఆ భయంతో చూస్తే తొందరపాటు పెరుగుతుంది.

ఇది 'ప్రమాదం' కిందికి వస్తుందా?

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ అనుబంధం 13 ప్రకారం, విమానం నిర్మాణ బలం దెబ్బతిని పెద్ద మరమ్మతు అవసరమైతే అది ప్రమాదం. నష్టం టైర్లు, బ్రేకులు, చక్రాలు, ప్రొపెల్లర్, గేర్ తలుపుల వరకే పరిమితమైతే ఆ నిర్వచనంలోకి రాదు. ప్రమాదంగా తేలని సందర్భాల్లో చక్రాలు లేకుండా దిగడాన్ని, నేలమీద గేర్ కాలు ముడుచుకుపోవడాన్ని తీవ్ర ఘటనల ఉదాహరణల్లో చేర్చారు. భారత్‌లో ప్రమాదాలను, తీవ్ర ఘటనలను విచారించే బాధ్యత 2012లో ఏర్పడిన విమాన ప్రమాద దర్యాప్తు విభాగం ఏఏఐబీది. స్కూళ్లకు అనుమతులు, తనిఖీలు పౌర విమానయాన డైరెక్టరేట్ డీజీసీఏ పని.

ఈ మెట్ల కింద ఒక ఖాళీ ఉంది. ముక్కు మీద గట్టిగా దిగినా ఏదీ విరగకపోతే, అది ప్రమాదం కాదు, తీవ్ర ఘటనా కాదు. దాన్ని టెక్‌లాగ్‌లో రాసి, ఇంజనీర్‌కు చెప్పి, ప్రత్యేక తనిఖీ చేయిస్తేనే అది జరిగినట్టు లెక్క. పెద్ద విమానాల్లో ఆ దెబ్బ ఎంతో రికార్డర్ చెబుతుంది. సెస్నా 152 లాంటి పాత శిక్షణ విమానంలో సాధారణంగా అలాంటి పరికరం ఉండదు. సోలోలో ఉన్న విద్యార్థి చెప్పే మాటే ఏకైక రికార్డు.

చెప్పడానికి అడ్డొచ్చేది ఏమిటి?

ఆ విద్యార్థి స్థానంలో ఉండి చూస్తే విషయం అర్థమవుతుంది. పైలట్ కోర్సుకు సాధారణంగా 50 లక్షల రూపాయలకు పైనే ఖర్చవుతుంది. చాలా ఇళ్లలో పొలం అమ్మో, ఇల్లు తాకట్టు పెట్టో, విద్యారుణం తీసుకునో కడతారు. ఒక హార్డ్ ల్యాండింగ్ గురించి చెబితే విమానం ఆగుతుంది. తన ఫ్లయింగ్ గంటలూ ఆగుతాయి, వెనక క్యూలో ఉన్న తోటివారివీ ఆగుతాయి. ఇన్‌స్ట్రక్టర్ మందలిస్తారేమో, సోలో వెనక్కి తీసుకుంటారేమో, నష్టం తన మీద వేస్తారేమో అన్న భయం ఉంటుంది. చెప్పకపోతే ఏమీ జరగకపోవచ్చు కూడా.

జరిగితే అది తనకు జరగదు. తర్వాత అదే విమానం ఎక్కిన విద్యార్థికి జరుగుతుంది. అతను దిగింది మెత్తగానే కావచ్చు. నిన్నటి దెబ్బకు పగులుపట్టిన కాలు ఇవాళ విరుగుతుంది. విచారణలో అతని పేరే ఉంటుంది.

స్కూలు వైపు కూడా ఒత్తిడి ఉంది. విమానయాన సంస్థలు వందల విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి, పైలట్లు కావాలి. విమానం ఎన్ని గంటలు గాల్లో ఉంటే స్కూలుకు అంత రాబడి. 2025లో డీజీసీఏ మొదటిసారి ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులు ప్రకటించింది. లెక్కలోకి తీసుకున్న 35 స్కూళ్లలో ఏ ప్లస్, ఏ గ్రేడులు ఒక్కదానికీ రాలేదు. 13 స్కూళ్లు బి, 22 స్కూళ్లు సి గ్రేడులో నిలిచాయి. ర్యాంకులు పారదర్శకతకు మంచివే. కానీ నమోదైన ఘటనల సంఖ్యను మార్కుల కోతగా మాత్రమే చూస్తే, నిజాయతీగా రాసే స్కూలు నష్టపోతుంది, రాయని స్కూలు మెరుస్తుంది. తనిఖీకి వెళ్లిన అధికారి ఎన్ని ఘటనలు జరిగాయని అడగడంతో ఆగకూడదు. వందలాది విద్యార్థి ల్యాండింగ్‌లు జరిగిన చోట ఏడాదంతా ఒక్క హార్డ్ ల్యాండింగ్ కూడా పుస్తకంలో లేకపోతే, దానికి కారణమూ అడగాలి.

విమానయానంలో దీనికి పాత మందే ఉంది. తెలిసి చేసిన నిర్లక్ష్యానికి శిక్ష, నేర్చుకునే క్రమంలో జరిగిన తప్పును చెప్పినవారికి రక్షణ. కాగితం మీద ఈ సూత్రాన్ని అందరూ ఒప్పుకుంటారు. అది నిజంగా అమలవుతోందో లేదో తెలిసేది మొదటిసారి ఒక విద్యార్థి వచ్చి 'సార్, గట్టిగా దిగాను, ఒకసారి చూడండి' అన్నప్పుడు ఎదురయ్యే స్పందనలోనే.

చేరే ముందు అడగాల్సినవి

బేగంపేటలో చేరినా, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లకు వెళ్లినా, అమెరికాకో దక్షిణాఫ్రికాకో పంపినా, తల్లిదండ్రులు ఫీజు, ఉద్యోగం గురించి అడిగినంత వివరంగా విమానాల గురించి అడగరు. ఈ ప్రశ్నలు అడగడానికి ఇంజనీరింగ్ చదివి ఉండక్కర్లేదు:

- హార్డ్ ల్యాండింగ్ జరిగితే ఏం చేస్తారు? విమానాన్ని ఆపే అధికారం ఎవరిది? ఆ నష్టం విద్యార్థి కడతాడా?
- ఎన్ని విమానాలున్నాయి, వాటిలో ఇవాళ ఎగరగలిగేవి ఎన్ని? మరమ్మతులు స్కూల్లోనే చేస్తారా, ఇంజనీర్లు ఎప్పుడూ అందుబాటులో ఉంటారా?
- సోలోకు ముందు గెంతిన ల్యాండింగ్ నుంచి గో-అరౌండ్‌ను ఎన్నిసార్లు సాధన చేయిస్తారు?
- రెండు ఇంజన్ల విమానంలో అత్యవసర గేర్ పద్ధతిని గాల్లో చేయిస్తారా, లేక పుస్తకంలో చదివిస్తారా?
- ఎయిర్‌స్ట్రిప్‌లో ఫైరింజన్, అంబులెన్స్ ఫ్లయింగ్ జరిగినంతసేపూ ఉంటాయా?

విద్యార్థి తనను తాను అడుగుకోవాల్సినవి ఇంకా తక్కువ. విమానం ఎక్కే ముందు వంగి టైరు, బ్రేకు, షాక్ అబ్జార్బర్ ఎత్తు, నూనె కారిన మరకలు చూశానా? ముందు ఎగిరినవారు టెక్‌లాగ్‌లో ఏం రాశారో చదివానా? దిగాక నేను రాయాల్సింది రాశానా? ఈ మూడో ప్రశ్నకు జవాబు తర్వాత ఆ విమానం ఎక్కబోయేవారికి కావాలి.